బడ్జెట్‌లో నిశ్చితార్థపు వజ్రపుటుంగరం: ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు?

శుభవేళ

అందరికీ నమస్కారం. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొనాలి. ఇంతకు మించి ఖర్చు పెట్టను అని ముందే గీత గీసుకున్నాను. అప్పు చేయను, వాయిదాలు పెట్టుకోను. ఆ గీత లోపల మంచిది ఎలా ఎంచుకోవాలన్నదే నా సమస్య.

చూసిన ప్రతి షాపులోనూ ఒక్కో మాట. ఒకరు కనీసం ఒక క్యారెట్ ఉండాలంటారు. ఇంకొకరు సైజు పక్కన పెట్టి వీవీఎస్ (లోపల నలుసులు దాదాపు లేని రాయి) తీసుకోమంటారు. మరొకరు డి కలర్ (రంగే లేని రాయి) తప్ప వేరేది చూపించనే లేదు. అన్నీ పైస్థాయివి కావాలంటే నా డబ్బుకి ఆవగింజంత రాయి వస్తుంది.

తనకి గుండ్రటి రాయి ఇష్టం. ఉంగరం సాదాగా ఉండాలి, రోజూ పెట్టుకుంటానంది. కంప్యూటర్ పని, ఇంటి పని రెండూ ఉంటాయి. దేంట్లో తగ్గితే కంటికి తేడా తెలియదు? దేంట్లో అస్సలు తగ్గకూడదు? ల్యాబ్ వజ్రం (ప్రయోగశాలలో తయారైనది) గురించి కూడా మీ అభిప్రాయం చెప్పండి.

భూతద్దం

శుభాకాంక్షలు. నేను రాళ్ల గ్రేడింగ్ పనిలో ఉన్నాను. తగ్గకూడనిది ఒక్కటే, కట్, అంటే రాయిని కోసిన తీరు. మిగతా మూడింటిలోనూ, అంటే క్యారెట్ (బరువు), కలర్, క్లారిటీల్లో (నలుసులు ఎంత తక్కువన్నది), బేరం ఆడొచ్చు.

ఎందుకో చెప్తాను. వజ్రం వక్రీభవన గుణకం 2.42. అంటే లోపలికి వెళ్లిన వెలుగును అది బాగా వంచుతుంది. కింది భాగం సరైన కోణంలో ఉంటే ఆ వెలుగు లోపలే రెండుసార్లు తిరిగి పైనుంచి మన కంటికి వస్తుంది. కోణం తప్పితే చిల్లు కుండలో నీళ్లలా కిందనుంచీ పక్కలనుంచీ కారిపోతుంది. అలాంటి రాయి డి కలర్ అయినా, లోపల నలుసు లేకపోయినా, మధ్యలో నిర్జీవంగా ఉంటుంది. కలర్, క్లారిటీ రాయితో పుట్టినవి. మెరుపు మాత్రం కోసినవాడి చేతిలో ఉంది.

మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లోనే గుండ్రటి రాయికి ఈ లెక్కలు వేశాడు. టేబుల్ (పైనున్న చదును ముఖం) అడ్డకొలతలో 53 శాతం, పై కోణం (క్రౌన్) 34.5 డిగ్రీలు, కింది కోణం (పెవిలియన్) 40.75 డిగ్రీలు. ఇప్పుడు కోసేవాళ్లు అచ్చంగా వాటినే పాటించకపోయినా వాటి చుట్టూనే తిరుగుతారు. మీరు సర్టిఫికెట్‌లో చూడాల్సినవి: టేబుల్ 54 నుంచి 58, లోతు 60 నుంచి 62.5 శాతం, క్రౌన్ యాంగిల్ 34 నుంచి 35, పెవిలియన్ యాంగిల్ 40.6 నుంచి 41. గర్డిల్ (రాయి నడుము అంచు) మరీ పల్చగానూ మరీ మందంగానూ ఉండకూడదు.

వజ్రాలకు గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ గుండ్రటి రాళ్లకు 2006 నుంచి కట్ గ్రేడ్ ఇస్తోంది. కట్, పాలిష్, సిమెట్రీ మూడూ ఎక్సలెంట్ ఉంటే మార్కెట్‌లో ట్రిపుల్ ఎక్స్ అంటారు. అయితే ఎక్సలెంట్ పరిధి కూడా కాస్త విశాలమైనదే. ఆ మాట చూసి ఆగిపోకుండా పై అంకెలు కూడా చూడండి.

వెండిమబ్బు

షాపులో వేరే సలహా వినుంటారు, "రెండు నెలల జీతం పెట్టాలి" అని. అది ఏ ఆనవాయితీ కాదు. డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ ప్రకటనల్లో పుట్టిన మాట. "వజ్రం శాశ్వతం" అనే అర్థం వచ్చే వాళ్ల నినాదాన్ని 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ప్రకటనల రచయిత్రి రాసింది. జీతం లెక్క 1980ల్లో బాగా ప్రచారమైంది. మీరు గీసుకున్న గీతే సరైన గీత. ఎవరేమన్నా దాన్ని జరపకండి.

లెక్కలపిచ్చి

క్యారెట్ గురించి నేను చెప్తాను. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, 100 సెంట్లు. అది బరువు, సైజు కాదు. వేలి మీద కనబడేది మిల్లీమీటర్లు.

బాగా కోసిన ఒక క్యారెట్ గుండ్రటి రాయి అడ్డంగా సుమారు 6.5 మి.మీ. ఉంటుంది. 50 సెంట్ల రాయి దాదాపు 5.2 మి.మీ. బరువు సగానికి పడిపోయింది, అడ్డకొలత మాత్రం ఇంకా 80 శాతం ఉంది. 90 సెంట్లది 6.2 మి.మీ. వస్తుంది. ఒక క్యారెట్‌కీ దానికీ మధ్య తేడా 0.3 మి.మీ. పక్కపక్కన పెడితే తప్ప చెప్పలేరు.

ధర మాత్రం ఇలా నెమ్మదిగా పెరగదు. 50, 70, 90, 100, 150 సెంట్ల దగ్గర మెట్టు ఎక్కినట్టు ఒక్కసారి పెరుగుతుంది. పైగా ఆ మెట్టు మీద ప్రతి క్యారెట్‌కు రేటే మారుతుంది. కాబట్టి బరువు కాస్త పెరిగినా మొత్తం ధర చాలా పెరుగుతుంది. మెట్టుకు కాస్త కిందున్న 46, 66, 86 లాంటి బరువులు అడగండి. ఇవి తేలిగ్గా దొరకవు. ఎందుకంటే కోసేవాళ్లు కూడా మెట్టు మీద నిలబెట్టాలనే చూస్తారు, దానికోసం అడుగున బరువు వదిలేస్తారు. అలా లోతుగా మిగిలిన ఒక క్యారెట్ రాయి పైనుంచి 6.2 మి.మీ.యే ఉండొచ్చు. అంటే కనబడని బరువుకు మీరు డబ్బు కడతారు. అందుకే బరువుతో పాటు కొలతలు కూడా అడగండి. సర్టిఫికెట్‌లో మొదటి వరుసల్లోనే ఉంటాయి.

చిరుజల్లు

నా వేలికి ఉన్నది జె కలర్, పసుపు బంగారంలో. ఇన్నాళ్లలో ఒక్కరు కూడా "రాయి పసుపుగా ఉందే" అనలేదు. కలర్ మీద అందరూ అవసరానికి మించి ఖర్చు పెడుతున్నారన్నది నా గట్టి నమ్మకం.

స్కేలు డి నుంచి జెడ్ దాకా ఉంటుంది. డి, ఇ, ఎఫ్ రంగులేనివి. జి నుంచి జె దాకా దాదాపు రంగులేనివి. గ్రేడింగ్ ల్యాబ్‌లో రాయిని విడిగా, బోర్లా పెట్టి, నిర్ణీతమైన వెలుతురులో నమూనా రాళ్లతో పోల్చి గ్రేడ్ ఇస్తారు. వేలి మీద రాయి బోర్లా ఉండదు కదా. పైనుంచి చూసినప్పుడు మంచి కట్ ఉన్న రాయిలో ఆ లేత ఛాయ మెరుపులో కలిసిపోతుంది.

పసుపు బంగారం, రోజ్ గోల్డ్ అయితే ఐ, జె హాయిగా తీసుకోవచ్చు. వైట్ గోల్డ్, ప్లాటినం అయితే జి, హెచ్ చాలు. మిగిలిన డబ్బు కట్‌లో పెట్టండి.

శుభవేళ

చాలా ఉపయోగపడే విషయాలు చెప్పారు. తనది పసుపు బంగారమే, చేతికున్న మిగతా నగలకు నప్పాలంది. మరి క్లారిటీలో ఎంతవరకు దిగొచ్చు? ఎస్ఐ అంటే నలుసులు కనబడతాయని భయపెట్టారు. ఫ్లోరెసెన్స్ అని ఇంకో గడి కూడా ఉంది, అదేంటి?

భూతద్దం

క్లారిటీ గ్రేడ్ మొత్తం పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద నిర్ణయించేది. ఎఫ్ఎల్, ఐఎఫ్, తర్వాత వీవీఎస్1, వీవీఎస్2, వీఎస్1, వీఎస్2, ఎస్ఐ1, ఎస్ఐ2, చివర ఐ1 నుంచి ఐ3. వీవీఎస్ రాయిలో నలుసు వెతకడానికి మాకే సమయం పడుతుంది. వీఎస్2కీ దానికీ మామూలు కంటికి తేడా ఉండదు. గుండ్రటి రాయి, ఒక క్యారెట్ లోపు అయితే వీఎస్2 నిశ్చింతగా తీసుకోండి. ఎస్ఐ1 లో చాలా రాళ్లు కంటికి శుభ్రంగానే ఉంటాయి, కానీ రాయిని చూడకుండా కొనకూడదు. ఎస్ఐ2 దగ్గర ఇంకా జాగ్రత్త.

గ్రేడ్ కన్నా నలుసు ఎక్కడుంది, ఏ రకం అన్నది ముఖ్యం. టేబుల్ కింద నడిమధ్య నల్లటి స్ఫటికం ఉంటే వద్దు. అదే అంచు దగ్గర తెల్లగా ఉంటే ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే కొక్కెం) కింద దాగిపోతుంది. ఫెదర్ అంటే సన్నటి పగులు. లోపల చిన్నదైతే ఫరవాలేదు, గర్డిల్ దాకా వచ్చి బయటికి తేలితే ఆ రాయి వదిలేయండి. వజ్రం గీతలు పడనంత గట్టిదే, మోస్ స్కేలు మీద 10. కానీ నాలుగు దిశల్లో తేలిగ్గా చీలే గుణం కూడా ఉంది. అంచు మీద దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది.

ఎస్ఐ రాళ్లలో మబ్బు (సన్నటి చుక్కల గుంపు) ఎక్కువుంటే రాయి మొత్తం పాలు కలిపినట్టు మసకగా ఉంటుంది. దీన్ని ఫొటోలో పట్టుకోవడం కష్టం. అమ్మేవాళ్లను సూటిగా అడగండి: బ్రౌన్ ఛాయ ఉందా, పచ్చ ఛాయ ఉందా, మిల్కీగా ఉందా? వ్యాపారంలో వీటిని కలిపి బీజీఎం అంటారు. "నో బీజీఎం" అని చెప్పగలిగితే మంచిది.

ఫ్లోరెసెన్స్ అంటే అతినీలలోహిత కిరణాల కింద రాయి వెలగడం, ఎక్కువగా నీలంగా. జీఐఏకి వచ్చే వజ్రాల్లో 25 నుంచి 35 శాతానికి ఎంతో కొంత ఈ గుణం ఉంటుంది. మార్కెట్ దీనికి భయపడి ధర తగ్గిస్తుంది. ఐ, జె కలర్‌లో ఫెయింట్, మీడియం బ్లూ వస్తే మీకు లాభమే. పగటి వెలుగులో ఆ నీలం పసుపు ఛాయను కాస్త కప్పుతుంది కూడా. స్ట్రాంగ్ అని ఉంటే మాత్రం ఎండలో పెట్టి, మసక కనబడుతుందేమో స్వయంగా చూడండి.

సగటుజీవి

ఇంత తంటా ఎందుకండీ? ల్యాబ్ వజ్రం తీసుకుంటే అదే డబ్బుకు పెద్ద రాయి, మంచి కలర్, వీఎస్1, ఎక్సలెంట్ కట్ అన్నీ వస్తాయి. మేం అదే తీసుకున్నాం. అదీ కార్బనే, అదే గట్టిదనం, అదే మెరుపు. మామూలు డైమండ్ టెస్టర్ పెడితే వజ్రమనే చూపిస్తుంది, వజ్రం కాబట్టి. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు ప్రయోగశాలలో చేసి చూపించారు, ఇది నిన్నటి ముచ్చట కాదు. బడ్జెట్ అని మీరే అంటున్నప్పుడు గనిలోంచి వచ్చిన రాయి కోసం మిగతావన్నీ తగ్గించుకోవడం నాకు సబబుగా అనిపించదు.

రాతికథ

సగటుజీవి గారితో నేను ఏకీభవించను. వజ్రమే, కాదనడం లేదు. కానీ కొన్నవాడికి తెలియాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ల్యాబ్ వజ్రాల ధర కొన్నేళ్లుగా పడుతూనే ఉంది, ఎన్ని కావాలంటే అన్ని చేయొచ్చు కాబట్టి. డీబీర్స్ 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాల నగలు మొదలుపెట్టింది, 2025లో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. జీఐఏ కూడా 2025లోనే ల్యాబ్ రాళ్లకు సహజ వజ్రాల మాదిరి విడివిడి కలర్, క్లారిటీ గ్రేడ్లు ఇవ్వడం ఆపి, ప్రీమియం, స్టాండర్డ్ అని రెండు తరగతులు పెట్టింది. ఇప్పుడు అక్కడ డి, వీవీఎస్ అన్నది అరుదైన సంగతి కాదని దాని అర్థం.

కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో పుట్టిన రాయి తన వేలికి ఉండాలని కొందరికి ఉంటుంది. దానికి విలువ లేదనలేం.

సగటుజీవి

ధర పడితే కొనేవాడికి మంచిదే కదా. ఇక తిరిగి అమ్మడం అంటారా, సహజ వజ్రం కూడా షాపుకి తిరిగి పట్టుకెళ్తే కొన్న ధర రాదు. చాలా తక్కువే ఇస్తారు. నిశ్చితార్థపు ఉంగరాన్ని అమ్ముదామని ఎవరూ కొనరు.

రాతికథ

తిరిగి అమ్మే విషయంలో మీరన్నది నిజమే. వజ్రాన్ని పెట్టుబడి అనుకుని కొనొద్దని నేనూ చెప్తాను, సహజమైనదైనా సరే. ల్యాబ్ రాయికి ఇంకా తక్కువ వస్తుంది, చాలాచోట్ల అసలు తీసుకోరు, అది తెలిసి కొంటే ఏ గొడవా లేదు.

వెండిమబ్బు

గనుల్లో మనుషుల కష్టం సంగతి కూడా కలిపి ఆలోచించండి. ముడి వజ్రాల వ్యాపారం మీద అంతర్జాతీయ ఏర్పాటు అయిన కింబర్లీ ప్రాసెస్ 2003 నుంచి అమల్లో ఉంది. కానీ అది ప్రధానంగా తిరుగుబాటు దళాలకు డబ్బు సమకూర్చే ముడి వజ్రాలను ఆపడానికే. కూలీల పరిస్థితి, పర్యావరణం దాని పరిధిలోకి రావు. ల్యాబ్ రాయికి కూడా చాలా కరెంటు కావాలి, అది బొగ్గుతో వచ్చిందా వేరేలా వచ్చిందా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఎవరు "మాది పూర్తిగా స్వచ్ఛం" అన్నా ఆధారం అడగండి.

భూతద్దం

ల్యాబ్ వైపు వెళ్తే ఇవి చూడండి. రెండు పద్ధతులు ఉన్నాయి, హెచ్‌పీహెచ్‌టీ (విపరీతమైన ఒత్తిడి, వేడిలో చేయడం), సీవీడీ (వాయువు నుంచి పొరలుగా పెంచడం). మొదటిదాంట్లో బోరాన్ వల్ల లేత నీలి ఛాయ రావచ్చు, రెండోదాంట్లో గోధుమ ఛాయ. డి కలర్ అని రాసున్నా ఆ ఛాయ కంటికి తగలొచ్చు, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. కట్ సూత్రాలు మాత్రం ఏ వజ్రానికైనా ఒకటే. ల్యాబ్ రాయి చవకగా వస్తోందని మెరుపు లేనిది తీసుకోకండి.

మొయిసనైట్ అని కూడా చూపిస్తారు. అది వజ్రం కాదు, సిలికాన్ కార్బైడ్. గట్టిదనం 9.25, రోజువారీ వాడకానికి బాగా నిలుస్తుంది. వజ్రం కన్నా ఎక్కువ రంగురంగుల మెరుపు వస్తుంది, కొందరికి అదే నచ్చుతుంది. పాత టెస్టర్లు దాన్ని కూడా వజ్రమనే చూపిస్తాయి, కాబట్టి టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకండి. క్యూబిక్ జిర్కోనియా అయితే త్వరగా గీతలు పడి మసకబారుతుంది, రోజూ పెట్టుకునే ఉంగరానికి నేను చెప్పను.

చిరుజల్లు

శుభవేళ గారూ, ల్యాబా సహజమా అన్నది ఇక్కడ మేము తేల్చేది కాదు. ఆవిడనే అడగండి. సర్‌ప్రైజ్ కావాలనుకుంటే ఉంగరం రూపంలో సర్‌ప్రైజ్ చేయండి. రాయి ఎక్కడినుంచి వచ్చింది అన్న దాంట్లో మాత్రం వద్దు. ల్యాబ్ రాయి అని చెప్పకుండా ఇచ్చి, తర్వాత ఏ షాపులోనో ఆమెకు తెలిస్తే ఆ బాధ రాయి గురించి ఉండదు.

శుభవేళ

చిరుజల్లు గారూ, మీ మాట పట్టుకుని నిన్న అడిగాను. "చిన్నదైనా సరే, భూమిలోంచి వచ్చిందే కావాలి" అంది. సైజు మీద తనకి అసలు పట్టింపు లేదట. సగటుజీవి గారూ, మీరు చెప్పినవి కూడా తనకు చెప్పాను, ఆలోచించే చెప్పింది.

ఇప్పుడు రెండు రాళ్లు ఎంచిపెట్టాను. రెండింటికీ జీఐఏ రిపోర్ట్ ఉంది, రెండూ ఐ కలర్, ధర దగ్గరదగ్గరగా ఒకటే.

మొదటిది 90 సెంట్లు, ఎస్ఐ1, కట్ గుడ్. అడ్డకొలత 6.04 మి.మీ., లోతు 64.3 శాతం, టేబుల్ 56, క్రౌన్ 36, పెవిలియన్ 42.

రెండోది 80 సెంట్లు, వీఎస్2, కట్ ఎక్సలెంట్. అడ్డకొలత 5.96 మి.మీ., లోతు 61.5 శాతం, టేబుల్ 57, క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8, మీడియం బ్లూ.

షాపులో మొదటిదే తీసుకోమంటున్నారు, 90 సెంట్లు చేతికి నిండుగా ఉంటుందని.

లెక్కలపిచ్చి

10 సెంట్లు ఎక్కువ, అడ్డకొలతలో తేడా 0.08 మి.మీ. మాత్రమే. ఆ 10 సెంట్లూ అడుగునే ఉన్నాయి, లోతు 64.3 అదే చెప్తోంది. నా మాట రెండోదే.

భూతద్దం

నాదీ రెండోదే, ఆలోచించాల్సిన పని కూడా లేదు. మొదటిదాంట్లో పై కోణం, కింది కోణం రెండూ నిటారుగా ఉన్నాయి. అలాంటి రాళ్లలో టేబుల్ అంచు లోపల చుట్టూ ఒక చీకటి వలయం కనబడుతుంది, వెలుగు అక్కడే జారిపోతుంది. షాపు లైట్ల కింద ఇది తెలియదు. ఆ చిన్నచిన్న గట్టి దీపాలు ఏ రాయినైనా మెరిపిస్తాయి.

రెండింటినీ తుడిపించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నేరుగా ఎండ పడని చోట చూడండి. తర్వాత మామూలు ట్యూబ్‌లైట్ కింద చూడండి. చేతిని కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. మంచి రాయిలో వెలుగూ నీడా మొత్తం పరుచుకుని కదులుతుంటాయి. రెండోదాన్ని ఎండలో కూడా ఒకసారి చూడండి, మీడియం బ్లూ వల్ల మసక రాకూడదు, ఐ కలర్‌కి సాధారణంగా రాదు.

శుభవేళ

మీరు చెప్పినట్టే చూశాను. మొదటిదాంట్లో ఆ వలయం స్పష్టంగా కనిపించింది. చూపించకముందు నాకు తెలియదు, ఇప్పుడు చూడకుండా ఉండలేకపోతున్నాను! ఎండలో రెండోది బాగానే ఉంది. అదే ఖాయం చేశాను. ఇక ఉంగరం చేయించాలి. బంగారం ఎంత ప్యూరిటీ, ప్రాంగ్స్ నాలుగా ఆరా, ఎత్తు ఎంత?

బంగారుపని

నేను నగల పని చేస్తాను, చాలా ఏళ్లుగా రాళ్లు పొదుగుతున్నాను.

22 క్యారెట్ వద్దు. అందులో 91.6 శాతం బంగారం, మెత్తగా ఉంటుంది, సన్నటి ప్రాంగ్ వంగిపోతుంది. 18 క్యారెట్ అంటే 75 శాతం, లోపల 750 ముద్ర ఉంటుంది. 14 క్యారెట్ అంటే 58.5 శాతం, 585 ముద్ర. ఇంటి పని, రోజువారీ వాడకం అన్నారు కాబట్టి రెండూ పనికొస్తాయి. 14 కాస్త గట్టిది, ధర తక్కువ. రంగు మాత్రం 18 లో నిండుగా ఉంటుంది. మిగతా నగలకు నప్పాలన్నారుగా, 18 తీసుకోండి. వైట్ గోల్డ్ అయితే పైన రోడియం పూత అరిగినప్పుడల్లా మళ్లీ వేయించాలి, మీకు ఆ బాధ లేదు.

ప్రాంగ్స్ ఆరు పెట్టించండి. నాలుగుంటే రాయి ఎక్కువ కనబడుతుంది, కానీ ఒకటి తెగితే రాయి కదిలిపోతుంది. ఆరులో ఒకటి పోయినా మిగిలినవి పట్టుకుని ఉంటాయి, మీకు తెలిసేలోపు రాయి జారిపోదు. ప్రాంగ్ చివర గుండ్రంగా, రాయిని ఆనుకుని ఉండాలి. గోరుతో తడిమితే బట్ట పట్టుకునేలా తగలకూడదు. రాయి ఎత్తు తగ్గించమని చెప్పండి, అడుగు కొస వేలికి తగలకుండా ఉంటే చాలు. ఎత్తుగా పెడితే జేబుకీ జుట్టుకీ తలుపు అంచుకీ తగులుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా భద్రమైనది బెజెల్, అంటే రాయి చుట్టూ పూర్తిగా బంగారపు గోడ. పసుపు బంగారంలో ఐ కలర్‌కి బాగా నప్పుతుంది, కాకపోతే రాయి అంచు కాస్త కప్పబడుతుంది.

ఉంగరం అడుగు భాగం చాలామంది పల్చగా చేయించుకుంటారు, బరువు తగ్గుతుందని. ఆ పొదుపు వద్దు. వెడల్పు 2 మి.మీ. దగ్గర, మందం 1.5 మి.మీ.కి తగ్గకుండా ఉంచండి. లోపల బోలుగా చేయనివ్వకండి. పల్చటి ఉంగరం గుండ్రం పోయి వంకర అవుతుంది, అప్పుడు ప్రాంగ్స్ వదులవుతాయి.

వెండిమబ్బు

చుట్టూ చిన్న రవ్వలు పెట్టే హాలో డిజైన్ చేయిస్తే 80 సెంట్లది ఒక క్యారెట్‌కు పైగా కనబడుతుంది కదా?

బంగారుపని

కనబడుతుంది. కానీ ఆవిడ సాదాగా కావాలన్నారు. పైగా రోజూ పనిలో ఉండే చేతికి చిన్న రవ్వలు ఊడటం మామూలే, ఒక్కొక్కటీ తిరిగి పొదిగించుకుంటూ ఉండాలి. ఒంటి రాయికే నా ఓటు.

శుభవేళ

వేలి కొలత తనకి తెలియకుండా తీసుకోవాలి. దారం చుట్టి తీయడం కుదరదు.

చిరుజల్లు

అదే వేలికి పెట్టుకునే పాత ఉంగరం ఏదైనా ఆవిడ ఇంట్లోవాళ్ల ద్వారా తెప్పించుకోండి. ఏ చేతిదో కూడా కనుక్కోండి, రెండు చేతులకూ కొలత తేడా ఉంటుంది. వేడికి వేళ్లు ఉబ్బుతాయి, చలికి సన్నబడతాయి, పొద్దున్నే ఒకలా సాయంత్రం ఒకలా ఉంటాయి. అనుమానం ఉంటే కాస్త వదులే మేలు. బిగుతైన ఉంగరాన్ని అందరి ముందు కణుపు దాటించలేక ఇద్దరూ ఇబ్బంది పడతారు.

బంగారుపని

మీది సాదా ఉంగరం కాబట్టి తర్వాత ఒకటి రెండు సైజులు సరిచేయొచ్చు. చుట్టూ రాళ్లున్న ఉంగరమైతే అది కుదరదు.

రాతికథ

డబ్బు కట్టేముందు కాగితాల సంగతి చూసుకోండి. బిల్లులో రాయి బరువు, కలర్, క్లారిటీ, రిపోర్ట్ నంబరు, సహజ వజ్రం అన్న మాట, బంగారం క్యారెట్, బంగారం నికర బరువు విడివిడిగా ఉండాలి. రాయి బరువుకు బంగారం ధర పడకూడదు. మజూరీ ఎంతో వేరుగా రాయించండి, ఎక్కువగా బేరం కుదిరేది అక్కడే. వాపసు, మార్పిడి షరతులు నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోండి.

రిపోర్ట్ నంబరును మీరే జీఐఏ వెబ్‌సైట్‌లో కొట్టి, వచ్చిన వివరాలు కాగితంతో పోల్చండి. షాపు సొంతంగా ముద్రించిన కార్డు రిపోర్ట్ కిందికి రాదు.

శుభవేళ

నంబరు సరిచూశాను, కొలతలన్నీ కలిశాయి. ఒక్క భయం మిగిలింది. పొదగడానికి ఇచ్చాక నేను ఎంచుకున్న రాయే తిరిగొచ్చిందని ఎలా తెలుస్తుంది?

భూతద్దం

మీ రాయి గర్డిల్ మీద రిపోర్ట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉందేమో రిపోర్ట్‌లో ఇన్‌స్క్రిప్షన్ అన్న చోట చూడండి. ఉంటే ఇచ్చేముందు ఒకసారి, ఉంగరం అందుకున్నాక ఒకసారి భూతద్దంలో చూపించమనండి. ఆ నంబరు మీద ప్రాంగ్ రాకుండా పొదగమని ముందే చెప్పాలి. లేకపోతే రిపోర్ట్‌లోని నలుసుల పటం ఉంది, ఎక్కడ ఏ నలుసుందో అందులో గీసి ఉంటుంది. వీఎస్2 కాబట్టి పదిరెట్ల భూతద్దంలో పోల్చి చూడొచ్చు. ఏ రెండు రాళ్ల పటాలూ ఒకేలా ఉండవు. వీటితో పాటు ఫ్లోరెసెన్స్ కూడా మీకు ఆనవాలే, యూవీ టార్చ్ వేస్తే మీ రాయి నీలంగా వెలగాలి.

బంగారుపని

ఇంకోటి అడిగి రాయించుకోండి: పొదిగేటప్పుడు రాయి పెచ్చు ఊడితే బాధ్యత ఎవరిది? నిజాయితీగా పనిచేసేవాళ్లు మాదే అని రాసిస్తారు. రాసివ్వకపోతే వేరేచోట పొదిగించండి.

ఉంగరం చేతికొచ్చాక చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. టిక్కుటిక్కుమని చప్పుడు వస్తే రాయి వదులుగా ఉన్నట్టే, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఊలు బట్ట మీద ప్రాంగ్స్ రుద్దండి, పోగు పట్టుకుంటే కొసలు సరిగ్గా నున్నగా చేయలేదని అర్థం. తర్వాత ఏడాదికోసారైనా ప్రాంగ్స్ చూపించుకోండి. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, ముఖ్యంగా అడుగున. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తో వెనకవైపు నుంచి కడగమనండి. కడిగేటప్పుడు సింకు మీద కాదు, విడిగా ఒక గిన్నెలో.